లేని గడ్డకు స్వస్థత

కిందటి వారం అరుణజ్యోతిని ఎల్బీనగర్ హాల్లో, మధ్య వరసలో, కుర్చీ అంచు మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అలాగే కూర్చుని ఉంది. వేదిక మీద దైవజనుడు కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, "జ్యోతి అనే సహోదరి ఈ హాల్లో ఉంది. రొమ్ములో గడ్డ. కట్టుకున్న భర్తకి కూడా చెప్పుకోలేదు. ఇదే గడియలో ప్రభువు ఆ గడ్డని కరిగించేశాడు" అన్నాడు. హాలంతా స్తోత్రాలు, చప్పట్లు. డ్రమ్ములవాడు కూడా ఉండబట్టలేక ఒక వాయింపు వాయించాడు.

అరుణజ్యోతికి గడ్డ లేదు. ఎప్పుడూ లేదు. అది ఆమె అల్లిన కథ.

ఎందుకల్లిందో కొత్తగా చేరిన పాఠకులకు చెప్పాలి. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒక డాబా మీద, రేకుల షెడ్డులో, రామస్వామి అయ్యగారు సంఘం నడిపేవారు. విశ్వాసంలోకి వచ్చాక కూడా అమ్మానాన్నలు పెట్టిన పేరే ఉంచుకున్న మనిషి. పక్షవాతం వచ్చి ఆయన కూతురి దగ్గరికి మిర్యాలగూడ వెళ్ళిపోయాక ఆ సంఘం చెదిరిపోయింది. వెళ్ళే రోజు ఆయన కారులో కూర్చుని, మంచి చేత్తో మహిపాల్ చొక్కా పట్టుకుని చెప్పిన మాటలు మీకు గుర్తుండే ఉంటాయి. హాలు చూసి, జనాన్ని చూసి చేరొద్దన్నారు. బోధకుడు వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుతాడా, తనకు పనికొచ్చే ముక్క తుంచుకుంటాడా గమనించమన్నారు. యేసు ప్రభువు గురించి ఎంత చెప్తున్నాడు, తన గురించి ఎంత చెప్పుకుంటున్నాడు, అదీ చూడమన్నారు. అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న అడిగి, అడిగినప్పుడు ఆ బోధకుడు ముఖం ఎలా పెడతాడో చూడమన్నారు.

మహిపాల్ పక్కనే నిలబడి అతని భార్య అరుణజ్యోతి ఆ మాటలన్నీ విన్నది. విని ఏం చేసింది? ప్రశ్న అడగలేదు. వల పన్నింది.

ఎందుకంటే ఆమె బాధ బోధ గురించి కాదు. ఎల్బీనగర్ హాల్లో బోధ సరిగ్గా లేని మాట నిజమే, అది మనమూ చూశాం. కానీ డాబా మీది సంఘంలో పాట ఎత్తేది అరుణజ్యోతి. ఆమె గొంతు లేస్తే గానీ ఆరాధన మొదలయ్యేది కాదు. ఇప్పుడు ఎల్బీనగర్ వేదిక మీద మైకు పట్టుకున్నది తోడికోడలు విజయశ్రీ. మహిపాల్ తమ్ముడు సాయినాథ్ భార్య, తెనాలి పిల్ల, అల్మాస్‌గూడలో సొంత ఫ్లాటు. అత్తగారు సుమిత్రమ్మ ఒకసారి ఆ హాలుకు వెళ్ళొచ్చి, విజయ మంచిగ పాడుతదని మెచ్చుకుంది. అంతే. ఆ రోజు నుంచి అరుణజ్యోతి కడుపులో మంట ఆరలేదు. కిరాయి ఇంట్లో అంట్లు తోముతూ మండింది, భర్తకు టీ ఇస్తూ మండింది. ఇంటిల్లిపాదీ ఒకే సంఘంలో చేరాలి, ఏదో మీరే తేల్చండి అని అత్తగారు కొడుకులకు చెప్పినప్పుడు ఆ మంట నెత్తికెక్కింది.

అందుకే విజయశ్రీ చెవిలో ఆ గడ్డ కథ వేసింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. విజయశ్రీ చెప్పకుండా ఉండదని అరుణజ్యోతికి తెలుసు. విశ్వాసుల్లో ఎవరి గుట్టూ ఎవరూ బయట పెట్టరు, అది పాపం. కానీ 'ప్రార్థనాంశం' అని పేరు పెడితే చాలు, ఏ గుట్టయినా వీధులు దాటి పోతుంది. పరలోకం నుంచి వచ్చినట్టు దైవజనుడు ఆ ముక్క పలికితే, ఆయన ప్రవచనాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అందరికీ తెలిసిపోతుంది. దానితో పాటు విజయశ్రీ మైకు కూడా దిగుతుంది.

ఆయన పలికాడు. అరుణజ్యోతి గెలిచింది. గెలిచిన ముఖంతో భర్త వైపు తిరిగింది.

మహిపాల్ ముఖం చూసి ఆ నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బండ్ల సీటు కవర్ల షాపు నడిపే మనిషి, ఎంతటి గిరాకీ వచ్చి అరిచినా తొణకని మనిషి, నెత్తురు చుక్క లేనట్టు తెల్లబోయి ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకెందుకు చెప్పలే జ్యోతీ?" అన్నాడు.

ఆమె లెక్కలో ఈ ముఖం లేదు. దైవజనుడి ముఖం ఊహించుకుంది, విజయశ్రీ ముఖం అయితే పదేపదే ఊహించుకుంది. మొగుడి ముఖం గుర్తే రాలేదు. తరవాత చెప్తానని ఏదో గొణిగింది. వేదిక మీద విజయశ్రీ మైకు పట్టుకునే ఏడుస్తోంది. ఏడుస్తూ కూడా అందంగానే ఉంది మహాతల్లి, అనుకుంది అరుణజ్యోతి. చూశారా, అప్పుడు కూడా అదే గోల.

ముందు వరసలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని సుమిత్రమ్మ రెండు చేతులూ పైకెత్తింది. ఆ కాలు సంగతి మరచిపోకండి. షుగర్ ముదిరి బొటనవేలు నల్లబడింది. వేలు తీసేస్తే కాలు దక్కుతుంది, ఆలస్యం చేస్తే కాలే పోతుంది, ఆ పైన ప్రాణానికి కూడా హామీ లేదని దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు కచ్చితంగా చెప్పాడు. మంగళవారం పొద్దున అడ్మిట్ కావాలి. ఇవాళ ఆదివారం.

ఆరాధన అయ్యాక జనం అరుణజ్యోతిని చుట్టుముట్టారు. ఒకామె ఆమె తల నిమిరింది, ఇంకొకామె కొంగు పట్టుకుని తన మోకాలి గురించి ప్రార్థించమంది. సంఘం తరఫున ఒకాయన వచ్చి, దైవజనులు మధ్యాహ్నం విజయశ్రీ గారింటికే వస్తున్నారని, సాక్ష్యం అక్కడే ఫోన్లో రికార్డు చేసి చానల్లో పెడతామని చెప్పి వెళ్ళాడు. అప్పుడే నిజం చెప్పేయాల్సింది. ఇంతమందిలో ఎందుకు, ఇంటికెళ్ళి నలుగురి ముందు తీరిగ్గా బయట పెడదామనుకుంది. విజయశ్రీ పరువు విజయశ్రీ ఇంట్లోనే తియ్యాలని కోరిక మరి.

అందరూ సాయినాథ్ కారులో అల్మాస్‌గూడ బయలుదేరారు. మహిపాల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, ఇవాళ్టి బోధలో ప్రభువు పేరు ప్రార్థన చివర తప్ప ఎక్కడా వినలేదని, మిగతాదంతా దైవజనుడు ఉపవాసం ఉండి ఏం సాధించాడనే కథేనని తమ్ముడితో అన్నాడు. వాక్యం సగం చదివి పుస్తకం మూసేశాడని కూడా అన్నాడు. ఇంకోరోజైతే అరుణజ్యోతి ఎగిరి గంతేసేది. సాయినాథ్ ఒకటే మాట అడిగాడు, మరి వదిన గడ్డ సంగతి ఆయనకెట్ల తెలిసిందని. జవాబున్న మనిషి వెనక సీట్లో నోరు కుట్టుకుని కూర్చుంది.

కారు ఇంకా ఇంటికి చేరకముందే సుమిత్రమ్మ తీర్పు చెప్పేసింది.

"మంగళారం దవాఖాన గివాఖాన ఏం లేదు. కత్తి పెట్టకుండనే నా పెద్దకోడలు గడ్డ కరిగింది. నేను కాలు మీద కత్తి పెట్టనియ్య."

అత్తగారి కాలు అరుణజ్యోతి చీర కుచ్చిళ్ళకు ఆనుకునే ఉంది. కట్టు కింద నుంచి వాసన వస్తోంది. పొద్దున తనే ఆ కట్టు మార్చింది.

ఫ్లాటుకు చేరగానే ఆమె విజయశ్రీ వెనకే వంటింట్లోకి దూరి తలుపు మూసింది. విజయశ్రీ పొద్దున్నే వండిన కోడికూరను పొయ్యి మీద వేడికి పెట్టింది, పక్కన బగారా అన్నం. ఎంత తొందరలో ఉన్నా, ఆ వంటిల్లు ఎంత వెడల్పుగా ఉందో చూడకుండా ఉండలేకపోయింది. తరవాత అడిగింది, గడ్డ సంగతి దైవజనుడికి ఎందుకు మోశావని.

"నేను మోయలేదక్కా. అత్తయ్యకి ఒక్కరికే చెప్పాను. అదీ ప్రార్థన చెయ్యమని చెప్పాను," అంది విజయశ్రీ.

మిగతాది విజయశ్రీ గరిటె తిప్పుతూ చెప్పింది. ఆ మాట విన్న రోజు సుమిత్రమ్మ అన్నం ముట్టలేదట. కొడుక్కి చెప్పొద్దని, వాడు తట్టుకోలేడని ఒకటే ఏడుపట. విజయశ్రీ ఫోన్లోనే దైవజనుడికి ఫోన్ చేయించుకుని, ఆయన వింటుండగా మొక్కుకుందట. నా కాలు తీస్కో ప్రభువా, నా పెద్దకోడల్ని మాత్రం ఇడిసిపెట్టు, అని. ఆయన ఆ మొక్కు కాదనలేదు. ఇంకో ముక్క చేర్చాడు. ప్రభువుకు ఇచ్చేసిన కాలి మీద మనుషుల కత్తి పడకూడదు, మొక్కు నిలబెట్టుకో తల్లీ, నీ కోడలు విడుదల పొందుతుందన్నాడు.

ఇప్పుడు అరుణజ్యోతికి ఏం కలగాలి? భయం కలగాలి, సిగ్గు కలగాలి. కలిగాయి, కాదనను. కానీ మొట్టమొదట కలిగింది సంతోషం. అత్తగారు కాలు ఇచ్చేస్తానన్నది తన కోసం. సొంత ఫ్లాటూ మైకూ ఉన్న చిన్నకోడలి కోసం కాదు. ఆ సంతోషం ఒక్క క్షణం ఉండి, స్టూలు మీది కాలు గుర్తొచ్చి ఆరిపోయింది.

"గడ్డ లేదు విజయా. ఎన్నడు లేకుండె. మీ అయ్యగారిని పట్టియ్యాలని నీకు అబద్ధం చెప్పిన," అంది.

విజయశ్రీ గరిటె పక్కన పెట్టి, పొయ్యి ఆపింది.

"అయ్యగారినా? నన్నా?"

అరుణజ్యోతి తల దించుకుంది. విజయశ్రీ గొంతు పెంచలేదు, అరిచి ఉంటే బాగుండేది.

"రామస్వామి అయ్యగారి బోధలో ఒక్క తప్పు లేదక్కా, అది నాకూ తెలుసు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం పాటల పుస్తకం పట్టుకుని ఆ డాబా మెట్లెక్కేదాన్ని. ఒక్క పాట ఎత్తనిచ్చావా నువ్వు? ఇక్కడ మొదటి రోజే పిలిచి మైకిచ్చారు. బోధ ఎలా ఉందో ఆ రోజు నేను చూడలేదు. నన్ను పిలిచారు, అంతే చూశాను."

అని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. తనకు కడుపు పోయినప్పుడు అత్తయ్య హాస్పిటల్‌కొచ్చి, టిఫిన్ డబ్బా మంచం పక్కన పెట్టి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయిందని చెప్పింది. అప్పుడు ఏ మొక్కూ మొక్కలేదని చెప్పింది. "నీకు లేని గడ్డకి కాలిచ్చేస్తున్నారు. నాకు ఉన్న బిడ్డ పోతే కన్నీళ్ళు కూడా రాలేదు," అంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంతకాలం తనొక్కతే కుళ్ళుకుంటున్నానని అరుణజ్యోతి అనుకుంది. అవతలి వైపు కూడా అదే పొయ్యి మండుతోందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. క్షమించమని అడగాలనిపించింది. కానీ ముందు గదిలో ఉన్న కాలికి అంత టైము లేదు. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

సుమిత్రమ్మ కాలు స్టూలు మీద పెట్టుకుని సోఫాలో ఒరిగి ఉంది. మహిపాల్ ఆమె పక్కన, సాయినాథ్ కిటికీ దగ్గర ఉన్నారు. అరుణజ్యోతి వెళ్ళి అత్తగారి కాలి దగ్గర కింద కూర్చుంది. నీళ్ళు నమలకుండా అంతా చెప్పేసింది. గడ్డ లేదని, విజయ మీద కుళ్ళుతో అల్లానని, ఆ మాట ఫోన్లో దైవజనుడికి చేరవేసింది అత్తమ్మేనని, ఆయన దాన్నే ప్రవచనం చేసి చప్పట్లు కొట్టించుకున్నాడని. చెప్తూ చెప్తూ భర్త ముఖం చూడలేకపోయింది.

మహిపాల్ లేచి నిలబడ్డాడు. కోపం వచ్చిందో, ప్రాణం లేచొచ్చిందో అతనికే తెలియలేదు. రెండూ వచ్చినట్టున్నాయి. "ఇంత పని చేస్తవా?" అని మాత్రం అన్నాడు. అని, కళ్ళు తుడుచుకున్నాడు.

సుమిత్రమ్మ మాత్రం నవ్వింది. ఒంగి పెద్దకోడలి చెంప మీద చెయ్యి వేసింది.

"నాకు తెల్వదా బిడ్డా? మొన్న చెప్పింది నిజం. ఇయ్యాల చెప్పేదే అబద్ధం. నన్ను దవాఖానకు తోలనీకె నీ మీద నువ్వే ఇంత బదనాం ఏసుకుంటున్నవ్."

అబద్ధమాడినప్పుడు ఊరంతా నమ్మింది. నిజం చెప్తే ప్రేమించే మనిషే నమ్మడం లేదు. రేపే స్కాన్ చేయిద్దామని మహిపాల్ అన్నాడు. చేయించండి, అందులో ఏం కనపడదు, కరిగిపోయింది కదా అంది సుమిత్రమ్మ. నిజమే, లేని గడ్డకూ కరిగిన గడ్డకూ ఏ స్కాన్‌లో తేడా తెలుస్తుంది?

మహిపాల్ తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"దేవుడు బేరమాడుతడా అమ్మా? ఒక కాలు తీస్కొని ఒక పానం ఇచ్చే దుకాణమా అది? ఇన్నేండ్లు రామస్వామి అయ్యగారు మనకు చెప్పింది గిదేనా? ప్రభువు ఇయ్యాల్సింది ఒక్కసారే ఇచ్చిండు, మళ్ళ మనల్ని ఎదురియ్యమనలే."

సుమిత్రమ్మ కొంచెం తటపటాయించింది. రామస్వామి అయ్యగారి పేరు ఆమె మీద ఎప్పుడూ పని చేస్తుంది. ఆయన డాబా మీద చెప్పిన మాటలు ఆమెకు చదువు రాకపోయినా కంఠతా వచ్చు. కానీ కొడుకు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. బేరం ప్రభువు అడగలేదు, నేనే ఆడాను, ఆయన ఒప్పుకున్నాడు, హాల్లో మీరంతా చూశారు కదా అంది. ఇప్పుడు మాట తప్పితే ఆ గడ్డ తిరిగొచ్చి కోడలి మీద పడుతుంది. తన కాలు కాపాడుకోవడానికి కోడలి ప్రాణం పణంగా పెట్టలేదు. అదీ ఆమె భయం. దైవజనుడు ఫోన్లో అంత స్పష్టంగా చెప్పకపోయినా, ఆమెకు అలాగే అర్థమైంది. అలా అర్థం కావాలనే ఆయన చెప్పాడని నా అనుమానం.

అరుణజ్యోతి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. ఒట్టేసింది, పిల్లల మీద కూడా వేసింది. సుమిత్రమ్మ ఆమె నోరు మూసి, వంటింటి గుమ్మం వైపు చూసింది. అక్కడ విజయశ్రీ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"నువ్వు ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మ బిడ్డా, నా కోసం ఏమైన చెప్తవ్. విజయ చెప్పాలె. నీకు గడ్డ లేకుండెనని విజయ చెప్తే మంగళారం పోత. దానికి అబద్ధం రాదు," అంది.

దానికి అబద్ధం రాదు! ఇంత కష్టంలో కూడా ఆ మాట అరుణజ్యోతికి సూదిలా గుచ్చుకుంది. ఏం చేస్తాం, ఒక్క పూటలో పోయే జబ్బు కాదది.

విజయశ్రీ నోరు తెరిచేలోపు బెల్ మోగింది. సాయినాథ్ వెళ్ళి తలుపు తీశాడు. దైవజనుడు తెల్లటి లాల్చీలో, నిండు నవ్వుతో లోపలికొచ్చి అందరికీ వందనాలు చెప్పాడు. వెంట వచ్చినాయన స్టాండు నిలబెట్టి, ఫోను బిగించి, అరుణజ్యోతి వైపు తిప్పాడు. తరవాత వెలుతురు చాలదని కిటికీ తెర పక్కకు లాగాడు.

సాక్ష్యం మొదలుపెడదామా తల్లీ, అన్నాడు దైవజనుడు.

"జర ఆగుండ్రి అయ్యగారూ," అంది సుమిత్రమ్మ. "మా చిన్నకోడలు ఒక మాట చెప్పాలె. ఆ మాట మీద నా కాలుంది."

దైవజనుడి నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం విజయశ్రీ మీదికి పోయి అక్కడే ఆగాయి. రామస్వామి అయ్యగారు ముఖం చూడమన్నది ఇలాంటప్పుడేనని మహిపాల్‌కి తట్టింది, చూశాడు. అరుణజ్యోతి అటు చూడలేదు. ఆమె విజయశ్రీనే చూస్తోంది.

విజయశ్రీ ముందు దైవజనుడిని చూసింది. వచ్చే ఆదివారం తన చేతికి రావాల్సిన మైకును కూడా చూసినట్టే ఉంది. తరవాత స్టూలు మీది కాలిని చూసింది. చివరికి అత్తగారి చేతుల్లో ఇంకా చిక్కుకుని ఉన్న తోడికోడలి చేతులను చూసింది. చూపు అక్కడ ఆగిపోయింది. ఆ చూపు అరుణజ్యోతికి బాగా తెలుసు. వేదిక కింద కుర్చీ అంచు మీద కూర్చుని, ప్రతి ఆదివారం తను పైకి చూసిన చూపే అది. ఆ చూపుతో ఉన్న మనిషి ఎంత పనికైనా తెగిస్తుందని ఆమెకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

ఆమె గబుక్కున అత్తగారి చేతుల్లోంచి తన చేతులు లాక్కుంది. ఆలస్యమైపోయింది.

విజయశ్రీ కొంగు సర్దుకుని సోఫా దగ్గరికి వచ్చింది. ఫోను ఆమె వైపు తిరిగింది.

"అక్క వంటింట్లో నాతో ఏమందో చెప్తాను అత్తయ్యా," అంది.